కంట్రోలు బియ్యం, శక్కర్‌నగర్ చక్కెర: ఇందూరు–బోధన్ సీమలో ఆహార సాయం, చట్టసభల పద్దులు, ఇరుగుపొరుగు సంధులు

నిజామాబాద్ పట్టణానికి పాత పేరు ఇందూరు. దానికి పడమట బోధన్, ఆ చుట్టూ ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి, రుద్రూరు. మంజీరా కాలువలు పారే ఈ నేల ఒకప్పుడు చెరకుకు, వరికి సమానంగా పేరుపడింది. ఇప్పుడు ఎటు చూసినా వడ్లే. ఈ మార్పుకు వానలనో, చీడలనో కారణంగా చూపితే సగం కథే చెప్పినట్టు. పేదల తిండి కోసం చట్టసభలు ఏ సరుకు మీద డబ్బు పెట్టాయి, ఏ సరుకును వదిలేశాయి, ఆ ఖర్చును నిలబెట్టుకోవడానికి పొరుగు రాష్ట్రాలతో, ఢిల్లీతో, విదేశాలతో ఎలా బేరమాడాయి అన్నదే మిగతా సగం. బియ్యం మీద సర్కారు ఏటా డబ్బు కుమ్మరించింది. చక్కెర మీద చాలాకాలం ధర కట్టడి మాత్రమే పెట్టి, చివరికి ఫ్యాక్టరీలో తన పెద్దవాటాను అమ్ముకుంది. నిలిచిన పంటనూ పోయిన పంటనూ వేరుచేసే గీత ఇక్కడే ఉంది.

నీళ్లు, నేల

మంజీరా మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కొండల్లో పుడుతుంది. కర్ణాటకలో బీదర్ సీమను దాటి తెలంగాణలోకి వచ్చి, బోధన్‌కు ఉత్తరాన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాల నది కాబట్టి దాని నీటి లెక్క ఎప్పుడూ ఒక్క ప్రభుత్వం చేతిలో లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి అన్నం పెట్టింది. మొదట అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. దాదాపు 30 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక పేరుకుని 17.8 టీఎంసీలకు కుంచించుకుపోయింది. ఎగువన కట్టిన సింగూరు నీళ్లలో పెద్ద భాగం హైదరాబాద్ తాగునీటికి మళ్లడంతో ఆయకట్టు చివరి గ్రామాలకు కాలువ మీద నమ్మకం సడలింది.

నిజాంసాగర్ నిండిన కొత్తలో కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల ‘క్యాంపులు’ వేసుకుని స్థిరపడ్డారు. వాళ్లు వరి సాగు తెలిసిన చేతులతో వచ్చారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక చెరకు కూడా తోడైంది. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన ఊరే శక్కర్‌నగర్. ఒకే కాలువ కింద ఒకవైపు అన్నం పంట, మరోవైపు ఫ్యాక్టరీ పంట. రుద్రూరులోని పరిశోధన కేంద్రం ఈనాటికీ చెరకు, వరి రెండింటి మీదా పనిచేస్తోంది.

లెవీ గల్లా నుంచి రేషన్ దాకా

ఈ ప్రాంతంలో ప్రభుత్వం తిండిగింజల్లో చెయ్యి పెట్టింది మొదట ఇవ్వడానికి కాదు, తీసుకోవడానికి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బర్మా బియ్యం ఆగిపోయాక హైదరాబాద్ సంస్థానం రైతుల నుంచి కట్టుధరకు ధాన్యం సేకరించే లెవీ పద్ధతి తెచ్చింది. సేకరణ, పంపిణీ పనులకు హైదరాబాద్ కమర్షియల్ కార్పొరేషన్ అనే సంస్థ ఏర్పడింది. పట్టణాల్లో రేషను కోసం పల్లెల్లో లెవీ. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే చిన్న రైతు ఇంటి గరిసె ఖాళీ అయ్యేది. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాటానికి రాజుకున్న కోపాల్లో లెవీ గల్లా ఒకటి. ఆ సంస్థానంలో బడ్జెటును నిలదీసే చట్టసభ లేదు. తిండి ఖర్చు ఎవరి మీద వెయ్యాలో దర్బారు, దాని అధికారులు తేల్చారు. భారం మోసేవాడికి మాట చెల్లలేదు.

స్వతంత్ర భారతంలో ఆ మాట చెల్లే చోటు వచ్చింది కానీ గింజలు రాలేదు. 1950 చివర్లో భారత రాయబారి విజయలక్ష్మి పండిట్ అమెరికాను 20 లక్షల టన్నుల ధాన్యం అడిగారు. అమెరికా కాంగ్రెస్ నెలల తరబడి చర్చించింది. కొరియా యుద్ధంలో నెహ్రూ తటస్థంగా ఉండడం అక్కడి సభ్యుల్లో చాలామందికి గిట్టలేదు. ఆకలికీ, విదేశాంగ విధానానికీ ముడిపెట్టవద్దన్నది నెహ్రూ వాదన. చివరికి 1951 జూన్‌లో దానంగా కాక అప్పుగా, 19 కోట్ల డాలర్ల సహాయ చట్టం మీద అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు.

1954లో వచ్చిన పీఎల్-480 చట్టం అమెరికా రైతుల దగ్గర పేరుకుపోయిన గోధుమలకు మార్గం చూపింది. 1956 ఒప్పందంతో ఆ గోధుమ భారత రేవుల్లో దిగడం మొదలైంది. 1965, 66 కరవుల్లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలారు. వియత్నాం మీద బాంబుదాడులను ఢిల్లీ విమర్శించడం అందుకు ఒక కారణం; భారత ప్రభుత్వం వ్యవసాయానికి ఎక్కువ ఖర్చు పెట్టాలన్న ఒత్తిడి ఇంకొకటి. 1965 నవంబరులో రోమ్‌లో కేంద్ర ఆహార మంత్రి సి.సుబ్రమణ్యం, అమెరికా వ్యవసాయ కార్యదర్శి ఆర్విల్ ఫ్రీమన్ కుదుర్చుకున్న అవగాహన ఈ రెండో కారణం నుంచే పుట్టింది. ఆ ఏడాది జనవరిలోనే, పార్లమెంటు 1964లో చేసిన చట్టం ప్రకారం, ఆహార సంస్థ ఎఫ్‌సీఐ తంజావూరులో పని మొదలుపెట్టింది. 1967లో పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పొలంలో ఐఆర్-8 వరి పండింది. దిగుమతి గోధుమ మీద ఆధారపడ్డ దేశానికి కాలువ కింది వరి భూములన్నీ ఒక్కసారిగా దేశరక్షణ భూముల్లా కనిపించడం మొదలైంది. నిజాంసాగర్ ఆయకట్టు అందులో ఒకటి.

అమెరికా లోపలి కథ కూడా ఇదే తీరులో నడిచింది. అక్కడి పేదలకు ఫుడ్ స్టాంపుల చట్టం 1964లో వచ్చింది. తర్వాత రైతు సబ్సిడీలను, ఫుడ్ స్టాంపులను ఒకే ఫార్మ్ బిల్లులో కట్టి పల్లె సభ్యుల ఓట్లూ నగర సభ్యుల ఓట్లూ కలిపి గట్టెక్కించడం అలవాటైంది. తినేవాడి పద్దు, పండించేవాడి పద్దు విడిపోతే రెండూ బలహీనపడతాయని ఆ సభకు తెలుసు. 2025 జులైలో చేసిన చట్టం ఫుడ్ స్టాంపుల పథకంలో పదేళ్లకు సుమారు 18,600 కోట్ల డాలర్ల కోత పెట్టినప్పుడు ఈ పాత పొత్తు ఎంత సడలిందో తెలిసింది.

రెండు రూపాయల బియ్యం

1982 చివర్లో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల వేడిలో కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తానని ఎన్.టి.రామారావు ప్రకటించారు. అధికారంలో ఉన్న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రూ.1.90కే ఇస్తామంటూ ముందే పథకం మొదలుపెట్టింది. పది పైసల తేడా జనాన్ని కదిలించలేదు. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు, పథకం అమలైంది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు మనిషికి 5 కిలోలు, ఇంటికి 25 కిలోలకు మించకుండా ఇచ్చేవారు.

పేదవాడి పళ్లెంలో ఈ పథకం తెచ్చిన మార్పు గురించి చాలా రాశారు. మిల్లు సంగతి తక్కువ రాశారు. రెండు రూపాయలకు అమ్మాలంటే అంతకన్నా ఎక్కువ పెట్టి కొన్న బియ్యం ముందు చేతికి రావాలి. అది రెండు దారుల్లో వచ్చేది: కేంద్ర కోటా, మిల్లర్ల నుంచి లెవీ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు; కాంగ్రెస్ ఢిల్లీలో, తెలుగుదేశం హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో వడ్డించేవాడు మనవాడు కాదన్నది ఎన్టీఆర్ ఫిర్యాదు. దాంతో లెవీ మీద ఆధారం పెరిగింది. మిల్లు ఆడించిన బియ్యంలో పెద్ద భాగం సర్కారుకు పోవడం ఖాయమయ్యేసరికి, ఆ బియ్యానికి కొనుగోలుదారు కూడా ఖాయమైనట్టే. నిజామాబాద్, బోధన్ చుట్టూ రైసు మిల్లులు పెరగడానికి ఇదొక దన్ను. 2015 అక్టోబరులో దేశమంతటా లెవీ రద్దయ్యాక ఆ పని ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాలకు మారింది. కాంటా, తరుగు, గోనె సంచులు, హమాలీ కూలి: ఈ నాలుగింటి మీద ప్రతి కోతల కాలంలో నడిచే తగాదా ఆ మార్పుతో వచ్చిందే.

ధర కథ కుదురుగా లేదు. మధ్యలో మూడున్నరకు పెరిగి, 1994లో ఎన్టీఆర్ మళ్లీ గెలిచాక రెండుకు దిగి, 1996లో చంద్రబాబు ప్రభుత్వంలో మళ్లీ మూడున్నరకు ఎక్కింది. ఆ తర్వాత ఐదు రూపాయలు దాటింది. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రెండు రూపాయలకు తెచ్చింది. 2011 నవంబరు 1న కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం రూపాయికే ఇచ్చింది. పథకాన్ని పుట్టించిన పార్టీయే పెంచింది, ప్రత్యర్థి పార్టీయే తగ్గించింది. ఆర్థికశాఖ లెక్కకూ ఓటు లెక్కకూ మధ్య ధర అటూ ఇటూ ఊగిందే తప్ప, పథకాన్ని ఎత్తేసే సాహసం ఏ సభా చేయలేదు.

ఈ బియ్యం ఎవరికి ముఖ్యమో తెలియాలంటే నిజామాబాద్ బీడీల పరిశ్రమను చూడాలి. ఇక్కడ బీడీలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ ఇంట్లోనే. ఇంటి మగవాళ్లు చాలామంది గల్ఫ్ దారి పట్టారు. వేయి బీడీలకు ఇంతని వచ్చే కూలిలో, దుబాయి నుంచి డబ్బు వచ్చేదాకా ఇల్లు గడవడంలో కంట్రోలు బియ్యమే ఆసరా. కార్డు ఉన్న రాష్ట్రం దాటినా ఈ బియ్యం అందేలా 2019 ఆగస్టు 9న రేషన్ కార్డు పోర్టబిలిటీ ప్రయోగానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒక జంటగా ముందుకొచ్చాయి. విడిపోయి ఐదేళ్లయినా ఆస్తుల పంపకం తేలని రెండు రాష్ట్రాలు, ఒకరి పేదవాడికి మరొకరి దుకాణంలో బియ్యం కొలవడానికి మాత్రం తొందరగానే ఒప్పుకున్నాయి.

శక్కర్‌నగర్ ఎందుకు ఆగింది

చక్కెర కూడా ఒకప్పుడు రేషన్ సరుకే. 1955 నిత్యావసర సరుకుల చట్టం కింద ఫ్యాక్టరీ తయారుచేసిన చక్కెరలో కొంత భాగం కట్టుధరకు లెవీగా ఇవ్వాలి, మిగతాది బజారులో అమ్ముకోవచ్చు. 1990ల చివర్లో లెవీ వాటా 40 శాతం. 2000 నుంచి దాన్ని అంచెలంచెలుగా 10 శాతానికి దించారు. రంగరాజన్ కమిటీ సిఫారసుతో 2013లో పూర్తిగా ఎత్తేశారు. ఆ తర్వాత రాష్ట్రాలు బజారులో కొనాలి, కేంద్రం కిలోకు రూ.18.50 సాయం ఇస్తుంది. 2017 నుంచి ఆ సాయమూ అంత్యోదయ కార్డులకే పరిమితమైంది, ఇంటికి నెలకు ఒక కిలో. ఫ్యాక్టరీలకు లెవీ పోవడం ఊరట. అయితే పేదల పేరుతో తమ సరుకు కొనే చెయ్యి కూడా దాంతోపాటే పోయింది.

ఒక కాలంలో ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్స్ గతి అప్పటికే మారింది. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి ముంబోజిపల్లి యూనిట్లలో 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చి, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. కొత్త సంస్థ పేరు నిజాం దక్కన్ షుగర్స్. అమ్మిన తీరు మీద సభలోనూ బయటా దుమారం రేగింది. 2004లో ప్రభుత్వం మారాక ఏర్పడిన శాసనసభా సంఘం ఫ్యాక్టరీని తిరిగి స్వాధీనం చేసుకోవాలని చెప్పింది. అప్పటి స్పీకరు కె.ఆర్.సురేశ్‌రెడ్డి నిజామాబాద్ జిల్లా వాడే. సంఘం నివేదిక వచ్చింది; ఫ్యాక్టరీ సర్కారు చేతికి రాలేదు. చట్టసభ సిఫారసుకూ, బడ్జెట్ పద్దుకూ ఉన్న తేడా ఇదే. పద్దులో అంకె పడకపోతే నివేదిక అల్మారాకే పరిమితం.

తెలంగాణ వచ్చాక 2015లో మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘానికి ఫ్యాక్టరీని అప్పగించే ఆలోచన చేశారు. మహారాష్ట్రలో ఆ నమూనా నిలిచింది చెరకు రైతే వాటాదారు, రాజకీయ నాయకుడే అధ్యక్షుడు కావడం వల్ల. దాని వెనక అర్ధశతాబ్దపు సహకార రాజకీయం ఉంది. అప్పుల్లో మునిగిన ఫ్యాక్టరీని ఏ పెట్టుబడీ లేని రైతు నెత్తిన పెడితే అది నడవదన్నది బోధన్ రైతులకు చెప్పకుండానే అర్థమైంది. అదే ఏడాది డిసెంబరులో మూడు యూనిట్లూ మూతపడ్డాయి. తర్వాత కేసు దివాలా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం పునరుద్ధరణకు మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. సారంగాపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకన్నా ముందే ఆగిపోయింది. చెరకు మిగిలిన రైతులు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకో, సరిహద్దు దాటి మహారాష్ట్రకో పంపుకున్నారు. చాలామంది వరికి మారారు.

చక్కెర మీద దేశాల మధ్య తగాదా కూడా ఇదే కాలంలో ముదిరింది. చెరకుకు కేంద్రం ప్రకటించే ఎఫ్‌ఆర్‌పీ ధర, ఎగుమతి సాయం ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాలకు విరుద్ధమని బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా 2019లో కేసు పెట్టాయి. 2021 డిసెంబరు 14న ప్యానెల్ భారత్‌కు వ్యతిరేకంగా తేల్చింది. 2014–15 నుంచి 2018–19 దాకా ఐదు సీజన్లలో సాయం హద్దు మీరిందన్నది తీర్పు. సరిగ్గా ఆ ఐదేళ్ల నడుమే శక్కర్‌నగర్ గానుగ ఆగింది. సబ్సిడీ ఎక్కువైందని జెనీవాలో కేసు నడుస్తుంటే బోధన్‌లో కార్మికులు జీతాల కోసం దీక్షలు చేస్తున్నారు. భారత్ అప్పీలుకు వెళ్లింది. అప్పీళ్లు వినాల్సిన మండలిలో 2019 డిసెంబరు నుంచి సరిపడా సభ్యులే లేరు కాబట్టి కేసు అక్కడే ఉంది.

బాలిలో కుదిరిన శాంతి నిబంధన

2013 ఆగస్టు 26న లోక్‌సభ, సెప్టెంబరు 2న రాజ్యసభ జాతీయ ఆహార భద్రతా బిల్లును ఆమోదించాయి. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం దాకా జనానికి మనిషికి 5 కిలోల గింజలు హక్కుగా వచ్చాయి. దీనికి బాట వేసింది 2001లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం. గోదాముల్లో గింజలు మగ్గుతుంటే జనం ఆకలితో ఎందుకుండాలన్నది దాని ప్రశ్న. బడిలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలన్న ఆదేశం ఆ కేసు నుంచే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది మొదలైంది.

హక్కు ఇవ్వాలంటే సర్కారు కొనాలి, కొనాలంటే మద్దతు ధర ఇవ్వాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కలో మద్దతు ధరకూ 1986–88 నాటి పాత అంతర్జాతీయ ధరకూ తేడా మొత్తం సబ్సిడీయే. అది పంట విలువలో 10 శాతం దాటకూడదు. దశాబ్దాల కిందటి ధరతో వర్ని వడ్లను తూచడమంటే తూకంలోనే మోసం ఉన్నట్టు. 2013 డిసెంబరులో బాలి సమావేశంలో భారత్ పట్టుబట్టి ఒక ఒప్పందం సాధించింది: ఆహార నిల్వల కోసం చేసే కొనుగోళ్ల మీద ఎవరూ కేసు వేయకూడదు. దౌత్య భాషలో దాన్ని శాంతి నిబంధన అంటారు. అది నాలుగేళ్లకే అన్న అర్థం తొంగిచూడడంతో 2014 జులై 31న భారత్, బాలిలోనే కుదిరిన వాణిజ్య సౌలభ్య ఒప్పందానికి అడ్డం తిరిగింది. అప్పటి వాణిజ్య మంత్రి నిర్మలా సీతారామన్ ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన సభ్యురాలు. నవంబరులో అమెరికాతో రాజీ కుదిరి, శాశ్వత పరిష్కారం దొరికేదాకా శాంతి నిబంధన సాగుతుందని జెనీవాలో తీర్మానం అయింది. 2018–19 బియ్యానికి ఆ నిబంధనను వాడుకుంటున్నట్టు చెప్పిన మొదటి దేశం భారతే: 4,367 కోట్ల డాలర్ల పంటకు 500 కోట్ల డాలర్ల సాయం, అంటే 11 శాతం పైమాట.

ఖర్చు సంగతికొస్తే, 2023 జనవరి నుంచి కేంద్రం తన వాటా గింజలను ఉచితం చేసింది. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లకు 11.80 లక్షల కోట్ల రూపాయల అంచనాతో కేబినెట్ పొడిగించింది. తెలంగాణలో కేంద్రం లెక్కలోకి వచ్చేది సుమారు 1.91 కోట్ల మంది. మిగిలిన కార్డులు, మనిషికి ఆరో కిలో రాష్ట్ర ఖజానా మీద. ఇంటికి 20 కిలోల హద్దు తీసేసి మనిషికి 6 కిలోలు ఇవ్వడం 2015 జనవరి 1న మొదలైంది.

ఉప్పుడు బియ్యం తగాదా

యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. గింజ లోపల పగుళ్లుంటాయి కాబట్టి పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువ. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజ నిలుస్తుంది. అదే ఉప్పుడు బియ్యం. నిజామాబాద్ ప్రాంతపు మిల్లులు యాసంగిలో ఈ పద్ధతికే అలవాటు పడ్డాయి. తెలంగాణలో ఆ బియ్యం తినేవాళ్లు తక్కువ, కేరళ, తమిళనాడుల్లో ఎక్కువ. ఆ రాష్ట్రాలు సొంతంగా సేకరించుకోవడం మొదలుపెట్టాక ఎఫ్‌సీఐ గోదాముల్లో ఉప్పుడు బియ్యం కదలడం మానేసింది.

ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని 2021 అక్టోబరులో రాష్ట్రం రాసిచ్చిందని కేంద్రం, ఒత్తిడితో రాయించుకున్నారని రాష్ట్రం. నవంబరు 18న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు ఇందిరాపార్కు దగ్గర ధర్నాకు కూర్చున్నారు. 2022 ఏప్రిల్ 11న ఢిల్లీ తెలంగాణ భవన్‌లో మంత్రులు, ఎమ్మెల్యేలతో మరో దీక్ష జరిగింది. మర్నాడే యాసంగి వడ్లన్నీ రాష్ట్రమే కొంటుందని కేబినెట్ తీర్మానించింది. తర్వాత పోషకాలు కలిపిన ఉప్పుడు బియ్యం కొంత తీసుకోవడానికి కేంద్రం ఒప్పుకుంది. ఒక ముఖ్యమంత్రి కేంద్రమంత్రితో గింజ ఉడికిందా పచ్చిదా అని పోట్లాడడం విడ్డూరంగా తోచవచ్చు. గింజలు కొనే అధికారం కేంద్రానిదీ, ఓటు అడిగే అవసరం ఇద్దరిదీ అయినప్పుడు సమాఖ్య రాజకీయం ఇలాంటి చిల్లర తగాదాల్లోనే తేలుతుంది.

సర్కారు కొనని పంటల మాట వేరు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర కోసం నామినేషన్లే నిరసనగా వేశారు. ఒక్కో పోలింగ్ బూత్‌లో పన్నెండేసి ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. పసుపు, ఎర్రజొన్న రేషన్ దుకాణానికి ఎక్కే సరుకులు కావు, అందుకే వాటికి పద్దు లేదు.

బాబ్లీ గేట్లు

తిండి ఖర్చుకు ముందు నీటి ఖర్చు ఉంటుంది. గోదావరి మీద నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కట్టినప్పుడు శ్రీరాంసాగర్‌కు నీళ్లు రావన్న భయం బోధన్ నుంచి జగిత్యాల దాకా పాకింది. 1963లో పోచంపాడులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ జలాశయం పూడికతో ఇప్పటికే బక్కచిక్కింది. 2010 జులైలో చంద్రబాబు నాయుడు తెలుగుదేశం సభ్యులతో సరిహద్దు దాటి ధర్మాబాద్ వెళ్లారు. మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసి అక్కడి ఐటీఐలో ఉంచి, కొద్దిరోజులకు ఔరంగాబాద్ నుంచి విమానంలో వెనక్కి పంపారు. రాజకీయంగా గొప్ప సన్నివేశం. నీటి చుక్క మాత్రం కదలలేదు.

కదిలించింది 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా బాబ్లీ 14 గేట్లూ ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి, ముగ్గురు సభ్యుల పర్యవేక్షక సంఘం చూసుకోవాలి. అప్పటి నుంచి ఏటా జులై 1న రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జలసంఘం అధికారులు గట్టు మీద నిలబడి గేట్లు ఎత్తించి సంతకాలు చేస్తారు. వార్తాపత్రికల్లో జిల్లా పేజీకి మించని ఈ తంతు, అరెస్టుల కన్నా ఎక్కువ ఎకరాలు తడిపింది. అంత అదృష్టం లెండి ప్రాజెక్టుకు లేదు. మద్నూర్, జుక్కల్ పొలాలకు నీళ్లివ్వాల్సిన ఆ ఉమ్మడి పథకం దశాబ్దాలుగా మహారాష్ట్ర వైపు నిర్వాసితుల పరిహారం దగ్గర ఆగుతూ సాగుతూ ఉంది.

ఓడలెక్కిన బియ్యం, దుకాణానికి దిగిన సన్నాలు

2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. లోపల ధర తగ్గించాలన్నది ఉద్దేశం. అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి సంచుల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. నిషేధంలోనే దౌత్యానికి ఒక కిటికీ ఉంచారు: ప్రభుత్వం అడిగితే ప్రభుత్వం ఇస్తుంది. భూటాన్‌కు 79,000 టన్నులు, సింగపూర్‌కు 50,000, మారిషస్‌కు 14,000 టన్నులు అలాగే వెళ్లాయి. మాల్దీవుల అధ్యక్షుడు మొయిజ్జు భారత సైనికులను వెనక్కి పంపిస్తున్న 2024 వసంతంలోనే, 1981 వాణిజ్య ఒప్పందం కింద ఆ దేశానికి 1,24,218 టన్నుల బియ్యం, 64,494 టన్నుల చక్కెర కోటా ఖరారైంది. ఒప్పందం మొదలయ్యాక అదే అత్యధికం. అలిగిన పొరుగువాడికి సైన్యం కన్నా సంచులు పంపడం చవక. కొద్ది నెలలకే రెండు దేశాల మాటలూ మెత్తబడ్డాయి. 2024 సెప్టెంబరులో ఎగుమతి నిషేధం ఎత్తేశారు.

అప్పటికి తెలంగాణ మిల్లుల్లో దొడ్డు బియ్యం పేరుకుపోయింది. పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఫిలిప్పీన్స్‌తో నేరుగా బేరం కుదుర్చుకున్నారు. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల ఎంటీయూ-1010 బియ్యంతో మొదటి ఓడ బయలుదేరింది. సముద్రం లేని రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ రేవును వాడుకుని మనీలాకు అమ్మిందన్నమాట.

దానికి ఒకరోజు ముందే, ఉగాది నాడు, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి హుజూర్‌నగర్‌లో రేషన్ దుకాణాల్లో సన్న బియ్యం పంపిణీ ప్రారంభించారు. మనిషికి ఆరు కిలోలు, ఉచితం. హాస్టళ్లకు, బడి భోజనానికి సన్నబియ్యం 2015లోనే వచ్చింది; ఇళ్లకు రావడానికి పదేళ్లు పట్టింది. దొడ్డు బియ్యం తినలేక చాలా ఇళ్లు కిలో కొద్ది రూపాయలకు అమ్మేసేవి, అది తిరిగి మిల్లుకో, కోళ్లదాణాకో, సాలూర సరిహద్దు దాటి మహారాష్ట్రకో చేరేది. తినేవాడు తినని బియ్యం మీద పెట్టిన ఖర్చు పేదవాడికి సాయం కాదు, దళారికి సాయం. సన్నాల నిర్ణయం ఆ లెక్కలో సరైనదే.

పొలంలో దాని ప్రభావం వెంటనే కనిపించింది. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ప్రకటించడంతో తెలంగాణ సోనా, సాంబ మసూరి, జగిత్యాల సన్నాల సాగు బోధన్, వర్ని కాలువల కింద పెరిగింది. వానాకాలానికి ఇది బాగానే సాగుతోంది. యాసంగి సన్నాల దగ్గరే పాత చిక్కు మళ్లీ ఎదురవుతోంది. ఎండకు సన్నగింజ దొడ్డుగింజ కన్నా ఎక్కువ విరుగుతుంది, ఆవిరి పడితే నిలుస్తుంది కానీ ఆ అన్నం ఇక్కడివాళ్లకు రుచించదు. బోనస్ డబ్బు ఆలస్యమైన సీజన్లలో రైతులు మళ్లీ దొడ్డు రకాల వైపు చూస్తున్నారు. చెరకు వైపు చూసేవాళ్లు, 2025–26కు క్వింటాకు 355 రూపాయల ఎఫ్‌ఆర్‌పీ ఉన్నా, శక్కర్‌నగర్‌లో గానుగ తిరిగేదాకా కామారెడ్డికి లారీ కిరాయి లెక్కేసుకోవాల్సిందే.